వెనక పలక

"ఈ పలక దీనికి కుదరదు మామా."

సింధుజ మదర్‌బోర్డును బోర్లించి, కూలర్ పెట్టెలో వచ్చిన ఇనప పలకను దాని వీపు మీద ఆనించి చూపించింది. ఒక పక్క రంధ్రాలు కలిశాయి. రెండో పక్క కలవలేదు. పలక రంధ్రంలోంచి నల్లటి బోర్డు కనిపిస్తోంది తప్ప అవతలి వెలుతురు కనిపించడం లేదు.

రాజగోపాలన్ కౌంటర్ దగ్గర్నుంచి లేవలేదు. తమిళనాట కోవిల్‌పట్టి బస్టాండు దారిలో ఆయన కంప్యూటర్ల అంగడి ఒకటే పొడవాటి గది. వాకిలి దగ్గర ఆయన కౌంటరు, లోపలి కొసన సింధుజ బల్ల, మధ్యలో వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. వాళ్ళతో ఆయన తమిళంలో మాట్లాడతాడు. సింధుజతో మాత్రం తెలుగే. ఇద్దరిదీ దగ్గర్లోని నాగలాపురం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు, దూరపు చుట్టరికం. డిప్లొమా అయిన వెంటనే పనికి పిలిచి, "సారూ గీరూ వద్దు, మామా అను" అన్నాడు.

"పెట్టెలో వచ్చిందే గదా. ఏంటికి కుదరదు?"

"పెట్టెలోది పాతరకం బోర్డుకు మామా. కంపెనీవాళ్ళకు చెప్తే సరైంది పంపిస్తారు. వచ్చేదాకా ఆపుదాము."

"ఆ విరుదునగర్ స్టూడియో అక్క రేపే కావాలంటుండాది. తిరునాళ్ళ పని. పలక లేకుంటే ఏమి, నీళ్ళు కారతాయా?"

"నీళ్ళు కారవు. బోర్డు వంగుతుంది."

ఆమె వాటర్ బ్లాకును ఎత్తి చూపింది. అరచేతంత రాగి దిమ్మ. ప్రాసెసర్ వేడిని లాగి, తనలో తిరిగే నీళ్ళకు అందించేది అదే. దాన్ని ప్రాసెసర్ మీద అదిమి ఉంచడానికి నాలుగు మూలలా స్క్రూలు బోర్డును దాటి వెనక్కి పోతాయి. వాటి లాగుడంతా మోయడానికే వెనక పలక. అది లేకపోతే మోయాల్సింది బోర్డే. దాని పొరల మధ్య వెంట్రుకల్లాంటి రాగి తీగలుంటాయి. వంగిన బోర్డు ఆ రోజుకు పనిచేస్తుంది. దారిలో ఊగుతూ, వేడెక్కుతూ, చల్లారుతూ ఎప్పుడో ఒకప్పుడు లోపల తెగుతుంది.

ఇదంతా ఆమె చెప్పింది. రాజగోపాలన్ వింటూనే ఎవరికో మౌసు ప్యాకెట్టు అందించాడు.

"అంటే నువ్వు బిగించవు."

"పలక లేకుండా బిగించను మామా."

ఆయన కొడుకును పిలిచాడు. కుమారవేల్ కోయంబత్తూరులో ఇంజనీరింగు చదివి, ఏడాదిగా అంగట్లో కూర్చుంటున్నాడు. బిల్లులు, ఆన్‌లైన్ ఆర్డర్లు అతని పని. "వెనక ప్లాస్టిక్ వాషర్లేసి బిగించురా. పట్టుకుంటాది."

కుమారవేల్ ఆమె ముఖం చూడకుండా బల్ల దగ్గరికి వచ్చాడు. కరెంటు స్క్రూడ్రైవర్ తీసి, మొదటి మూలను ఒకేసారి కిందిదాకా దించేశాడు. బ్లాకు ఎదురు మూల పైకి లేచింది. దాన్ని బొటనవేలితో నొక్కిపట్టి రెండోది బిగించాడు. స్క్రూడ్రైవర్ గర్రుమంటూ తిరిగి, చివర్లో కటకటలాడి ఆగింది. మిగతా రెండూ అట్లాగే.

సింధుజ వంగి, కళ్ళను బోర్డు అంచుకు సమానంగా దించి చూసింది. నడుమ లోపలికి దిగిపోయి, కొసలు రెండూ పైకి లేచి ఉన్నాయి.

"మామా, బోర్డు వంగింది. ఒకసారి ఇట్లొచ్చి చూడండి."

"వెలుగుతుండాదా లేదా?"

కుమారవేల్ మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. అద్దం వెనక ట్యూబుల్లో నీళ్ళు కదిలాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"వెలుగుతుండాది నాయినా."

"ఇంకేమి?" అన్నాడు రాజగోపాలన్.

కనీసం పడుకోబెట్టి తీసుకుపొమ్మని ఆమె వ్యాను డ్రైవరుకు చెప్పింది. చోటు చాలదని అతను మిషన్ను నిలబెట్టే తాళ్ళతో కట్టేశాడు.

*

విరుదునగర్ నుంచి ఫోను వచ్చిననాడు అంగడి నిండుగా ఉంది. సింధుజ ఒక ల్యాప్‌టాపు అడుగు విప్పుతోంది. దాన్ని తెచ్చిన నర్సింగ్ కాలేజీ అమ్మాయి బల్ల పక్కనే నిలబడి, తన ప్రాజెక్టు పోదు గదా అని అడుగుతోంది. పోదని సింధుజ ధైర్యం చెబుతోంది.

కౌంటర్ దగ్గర రాజగోపాలన్ గొంతు పెరిగింది. తమిళంలో మాట్లాడుతున్నాడు.

"అక్కా, అక్కా, నా మాట వినండి. మిషన్లో తప్పేమీ లేదు. మా దగ్గర పనిచేసే అమ్మాయి బిగించింది. ఆడపిల్ల చెయ్యి, ఎంత తిప్పాలో తెలియలేదు. గట్టిగా తిప్పేసరికి బోర్డు చీలినట్టుంది. నేను చీవాట్లు పెట్టాను. కొత్త బోర్డు నా ఖర్చుతో వేయిస్తాను. ఆ పిల్లనే పంపించి మీకు సారీ చెప్పిస్తాను, సరేనా?"

సింధుజ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. తలెత్తితే, కౌంటర్ ముందున్న వాళ్ళంతా తన వైపే చూస్తున్నారు. ప్రింటరు ఇంకు కోసం వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూశాడు. కుమారవేల్ బిల్లుల కంప్యూటర్లో ముఖం పెట్టి, ఏదో టైపు చేస్తున్నట్టు వేళ్ళు ఆడించాడు.

నర్సింగ్ అమ్మాయి నెమ్మదిగా చెయ్యి చాపి తన ల్యాప్‌టాపును దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి తెస్తానక్కా."

"విప్పేశాను గదమ్మా. మూసి ఇస్తాను, ఉండు."

ఆ అమ్మాయి ఉండనంది. విప్పిన స్క్రూలను సింధుజ కాగితంలో చుట్టి ఇస్తే, అడుగు మూతా కాగితప్పొట్లమూ బ్యాగులో వేసుకుని, ఆమె కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయింది.

రాజగోపాలన్ ఫోను పెట్టేసి బల్ల దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు తెలుగు.

"మనసులో పెట్టుకోవద్దమ్మా. సుమ్మా, ఊరికే ఒక మాట చెప్పితిని. అంగడి వాడే తప్పు చేసినాడంటే ఆయమ్మ ఊరంతా చెప్తాది. పనిపిల్ల చేసిందంటే పోనీలే అంటాది."

"నేను చెయ్యలేదు గదా మామా. వద్దు వద్దని చెప్తిని గదా."

"నాకు తెలవదా? నాకు తెలుసు, నీకు తెలుసు. చాలదా? మనోళ్ళు మనోళ్ళను కాపాడకుంటే ఎవురు కాపాడతారు?"

ఆయన ఆమె భుజం తట్టబోయాడు. ఆమె స్టూలు మీద వెనక్కి జరిగింది. ఆ చెయ్యి బల్ల మీదికి దిగి, అక్కడున్న బ్రష్షును తీసి పక్కన పెట్టింది.

"పలక కొరియర్లో వచ్చేస్తాది. ఎల్లుండి కుమారుతో విరుదునగర్ పో. ఒక సారీ చెప్పు. నోరు అరుగుతాదా?"

*

ఆమె ఇల్లు చేరేలోపే మాట అక్కడికి చేరింది.

నల్లసామి కళ్ళంలో గోనెపట్టా పరిచి, ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబడిన కాయలు ఏరుతున్నాడు. కూతుర్ని చూసి పక్కకు జరిగాడు. ఆమె బస్సులో నలిగిన చున్నీని ముక్కుకు కట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చుని తానూ ఏరసాగింది.

"రాజగోపాలు ఫోన్ చేసినాడు," అన్నాడు కొంచెంసేపటికి.

"ఏమన్నాడు?"

"బిడ్డ ఏదో బోర్డు విరగగొట్టిందంట. దిగులు పడొద్దు, నేను చూసుకుంటా అన్నాడు. పెద్ద మనసుతో చెప్పినాడు."

సింధుజ చేతిలో కాయ పటుక్కున విరిగింది. గింజలు రాలాయి.

"నన్ను అడగకుండానే నమ్మితివా నాయినా?"

"నమ్మలేదు. అందుకే అడగతా ఉండా. విరగగొడితివా?"

"లేదు."

ఆమె మొత్తం చెప్పింది. పలక సంగతి, వాషర్ల సంగతి, ఫోనులో అన్న మాట, ల్యాప్‌టాపు లాక్కుని పోయిన అమ్మాయి. నల్లసామికి బోర్డంటే ఏమిటో తెలియదు. కానీ బరువు ఎవరు మోయాలో వాళ్ళు మోయకపోతే పక్కవాడి మీద పడుతుందన్నది ఆయనకు అర్థమయింది.

తల్లి అళగమ్మాళ్ చెంబుతో మజ్జిగ తెచ్చి నిలబడే వింది. "వీధిలో నన్ను అడిగిరి," అంది. "మీ పాప ఏమో విరగగొట్టిందంటనే అని. నేనేమి చెప్పేది?"

"విరగగొట్టలేదని చెప్పు."

"చెప్తిని. నవ్విరి. తల్లి అట్ల చెప్పకుండా ఎట్ల చెప్తాది అనిరి."

నల్లసామి ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. "పోనీలేమ్మా," అన్నాడు. "మనోడు. పనికి పిలిచినోడు. ఒక మాట పడితే ఏమయిపోతాది?"

"అది నా పేరు మీద ఉండిపోతుంది నాయినా. నాకున్నది ఈ చేతులు. ఈ చేతులకే తెలియదని నలుగురిలో చెప్పినాడు. మామ చెప్పింది నా పని మీద కాదు, నా అన్నం మీద."

నల్లసామి లేచాడు. ఏరిన తెల్లకాయలను దోసిట్లోకి తీసుకుని, దూరంగా విసిరి వచ్చాడు.

*

విరుదునగర్‌లో ముత్తులక్ష్మి స్టూడియో ఒక పప్పుల గోదాము మీద ఉంది. మెట్లెక్కుతుంటేనే కందిపొట్టు ముక్కుకు తగులుతుంది. పై గదికి రేకుల కప్పు. ఈ వేడికి మామూలు ఫ్యాన్లు చాలవనే ఆమె నీళ్ళతో చల్లబడే మిషను చేయించుకుంది.

సింధుజనూ కుమారవేల్‌నూ ఆమె కూర్చోమనలేదు.

"బిగించింది నువ్వేనా?" అని తమిళంలో అడిగింది. "రాత్రనక పగలనక, భక్తులు నిప్పుల చట్లు మోసే అగ్నిచట్ల ఊరేగింపు తీశాను. తిరునాళ్ళ ఆఖరి రోజు పెద్ద తెర మీద వేస్తామన్నారు. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న నాకు మొదటిసారి వచ్చిన తెర అది. కాపీ సగంలో ఉండగా మిషను చచ్చింది. మదురైవాడి వీడియో వేశారు. నేను జనంలో నిలబడి వాడి వీడియో చూశాను. తెలుసా నీకు?"

ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. కుమారవేల్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"మీకు జరిగినదానికి నాకు చాలా బాధగా ఉందక్కా," అంది సింధుజ. "కానీ అది నేను బిగించింది కాదు."

"అందరూ అదే అంటారు. ఎవరు బిగిస్తే నాకేం, తిరునాళ్ళు తిరిగొస్తాయా?"

సింధుజ మిషన్ను పడుకోబెట్టి, నీళ్ళు వంచేసి, ట్యూబులు విప్పింది. బ్లాకు తీసి బోర్డును బయటికి లాగింది. ఫోను వెలుతురు ఏటవాలుగా పట్టింది. మెమరీ స్లాటు పక్కన సన్నటి గీత, ఒక స్క్రూ రంధ్రం దగ్గర మొదలై స్లాటు కాళ్ళ కిందికి పోతోంది. వెనక ప్లాస్టిక్ వాషరు ఒకటి నలిగి, బోర్డులోకి దిగబడి ఉంది.

ముత్తులక్ష్మి వంగి చూసింది. "ఇంత సన్నటిదానికా?"

"ఇంత సన్నటిదేనక్కా."

సింధుజ కొత్త బోర్డును మెత్తటి గుడ్డ మీద బోర్లించి, కొరియర్లో వచ్చిన పలకను ఆనించింది. రంధ్రాలన్నీ కలిశాయి. ప్రాసెసరు పెట్టి, పేస్టు వేసి, ట్యూబు తగిలించిన బ్లాకును మీద నిలిపింది. జేబులోంచి చేతి స్క్రూడ్రైవర్ తీసింది. ఒక్కక్షణం ఆగి, దాన్ని తలుపు వైపు చాపింది.

"కుమారూ, నువ్వు బిగించు."

అది ఆమె తెలుగులో అంది. అతను కదల్లేదు. ముత్తులక్ష్మికి మాట తెలియకపోయినా చాపిన చెయ్యి అర్థమయింది. ఆమె కుమారవేల్ వైపు తిరిగింది.

అతను వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ముందు స్క్రూలన్నిటినీ వేళ్ళతో తిప్పు. పట్టుకుంటే చాలు," అంది సింధుజ, ఈసారి తమిళంలో. "ఇప్పుడు ఈ మూల సగం చుట్టు. దీని ఎదురు మూల సగం చుట్టు. ఆగు. ఇంకో జత. మళ్ళీ మొదటిది."

అతని నుదుటి చెమట ముక్కు కొసదాకా జారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ట్యూబు బరువు బ్లాకును పక్కకు లాగుతుంటే ముత్తులక్ష్మి అడగకుండానే వంగి దాన్ని ఎత్తి పట్టుకుంది. స్క్రూలు ఒకదాని వెంట ఒకటి నిమ్మళంగా దిగాయి. చివరికి అన్నీ ఒకే బిగువు దగ్గర ఆగాయి. సింధుజ బోర్డు అంచుకు కళ్ళు దించి చూసి, అతన్నీ చూడమంది. తిన్నగా ఉంది.

కుమారవేల్ చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే, తమిళంలో, "ఆ రోజు బిగించింది కూడా నేనేనక్కా," అన్నాడు. "ఈమె వద్దంది. పలక లేదంది. నేనే కరెంటు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేశాను."

ముత్తులక్ష్మి చేతిలో ట్యూబు అట్లాగే ఉంది. ఆమె అరవలేదు. "ఈ మాట మీ నాన్నకు తెలుసా?" అంది.

"ఆయనే బిగించమన్నాడు."

ఆమె ట్యూబును మెల్లగా కిందికి దించింది. ఒక స్టూలును సింధుజ ముందుకు జరిపింది. "కూర్చోమ్మా," అంది. "నిలబెట్టే మాట్లాడాను ఇంతసేపూ."

*

మర్నాడు పొద్దున రాజగోపాలన్ సింధుజను కౌంటర్ వెనకున్న సామాన్ల గదిలోకి పిలిచాడు. అట్టపెట్టెల మధ్య గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడాడు.

"వాడు ఆయమ్మ దగ్గర అంతా కక్కేసినాడంట. సరి. తప్పు నాదేనమ్మా. చాలా? ఇంతటితో వదిలెయ్."

"వదిలేస్తా మామా. ఆ మాట బయటికొచ్చి చెప్పండి."

"ఎవురికి?"

"ఆ రోజు ఎవురి ముందర చెప్పితిరో అట్లాటోళ్ళకు. కౌంటర్లో నిలబడి, తమిళంలో. నా పేరు తమిళంలో చెడగొట్టి, ఈడ చీకట్లో తెలుగులో బాగు చేస్తే ఎట్ల?"

రాజగోపాలన్ ముఖం బిగుసుకుంది. "నీకు ఇంత మాట ఎవురు నేర్పినారు? ఆ స్టూడియో ఆమేనా?"

సింధుజ బయటికి వచ్చింది. కౌంటర్ ముందు జనం ఉన్నారు. ఇంకు పెద్దాయన మళ్ళీ వచ్చాడు, చేతిలో ఖాళీ సీసా. ఆమె బల్ల దగ్గరికి పోకుండా అక్కడే ఆగింది. తమిళంలో, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"విరుదునగర్ మిషను నేను పాడు చెయ్యలేదు. వెనక పలక లేకుండా బిగించవద్దని చెప్పాను. నా మాట వినకుండా బిగించారు. అందుకే బోర్డు చీలింది. నాకు పని వచ్చు."

రాజగోపాలన్ సామాన్ల గది వాకిట్లోంచి దూసుకొచ్చాడు.

"తిన్న ఇంటికి ఇట్లా చేస్తావా! నల్లసామి బిడ్డవని తెచ్చి పెట్టుకుంటినే, నా అంగట్లో నిలబడి నా మానం తీస్తావా!"

తెలుగులో అరుస్తున్నాడు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఈ అంగట్లో ఇంతకాలంగా సామాన్లు కొంటున్న వాళ్ళెవరూ ఆయన నోట ఆ భాష అంత గట్టిగా వినలేదు.

"సార్," అంది సింధుజ తమిళంలో. "వీళ్ళకు అర్థం కావద్దా? తమిళంలో చెప్పండి."

ఆ పిలుపుకు ఆయన ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. అప్పుడు తమిళంలో వచ్చింది ఒకే ఒక మాట.

"రేపటినుంచి రావద్దు."

ఆమె బల్ల దగ్గరికి పోయి, చేతులు తుడుచుకుని, సొంత స్క్రూడ్రైవర్లు తీసుకుంది. బస్టాండులో నాగలాపురం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాకనే ఏడుపొచ్చింది. దారిలోని పుదూరు ఊరు దాటేదాకా ఆగలేదు.

*

మిరపకాయలు మూటలు కట్టేదాకా ఆమె కళ్ళంలోనే ఉంది. అళగమ్మాళ్ రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట కూతురి కంచంలో గుడ్డు అదనంగా వేసింది. నల్లసామి మాత్రం ఒకసారి అడిగాడు.

"అందరి ముందరే చెప్తివా?"

"చెప్తిని నాయినా."

"భయం పడలేదా?"

"పడితిని."

ఆయన మూట మూతిని దబ్బనంతో కుడుతూ తల ఊపాడు. పోనీలే అన్న మాట మళ్ళీ అనలేదు.

ఆ సాయంత్రం ఫోను మోగింది. కుమారవేల్.

"వదినా, ఏం చేస్తుండావు?"

"మూటలు కుడతా ఉండాము. ఏమి?"

"ముత్తులక్ష్మక్క ఇంకో స్టూడియో ఆయన్ను పంపించింది. మిషను చేయించుకోడానికి. ఎవురు బిగిస్తారని అడిగినాడు. నాయిన నన్ను చూపించినాడు." అతను ఆగాడు. "నాకు రాదని చెప్తిని. విరుదునగర్‌ది నేను బిగించే పాడయిందని అందరి ముందర చెప్తిని. తమిళంలోనే."

సింధుజ మూట దగ్గర్నుంచి లేచి నిలబడింది.

"ఆయన వెళ్ళిపోలేదు. ఆ అమ్మాయి వస్తే చేయించుకుంటానని కూర్చునే ఉండాడు. జనం కూడా ఉండారు. నాయిన నాతో మాట్లాడ్డంలేదు. కానీ ఫోను అడిగినాడు. ఇస్తుండా."

ఏదో రాపిడి. వెనక ప్రింటరు కదిలే చప్పుడు, ఎవరో చిల్లర అడగడం, రోడ్డు మీద బస్సు హారన్. రాజగోపాలన్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు.

"అమ్మా సింధుజా," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. "నేను మామను మాట్లాడతా ఉండా."

ఆమె ఊఁ అనలేదు. అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. నల్లసామి దబ్బనం ఆపి కూతురి వైపు చూశాడు. ఆమె అట్లాగే నిలబడింది.

రాజగోపాలన్ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, అంగట్లో జనంతో రోజూ మాట్లాడే గొంతుతో, తమిళంలో.

సింధుజ ఫోనును చెవి దగ్గర్నుంచి తీసి, తండ్రికీ వినబడేట్టు చాపి పట్టుకుంది.